చెక్క బండికి అంచు కలిపినవాడు

స్టిక్కర్లు కోసే మిషన్‌ను ఎత్తుకుపోయి అమ్ముకున్నది కఫీల్ తమ్ముడు. దొంగగా కాగితాలకెక్కింది అంజన్న.

ఈ సంగతి సౌదీలోని దమ్మామ్ సనాయాలో తెలియనివాడు లేడు. ఊరి చివర మెకానిక్ షెడ్లూ గోదాములూ లేబర్ గదులూ కలిసి ఉండే పేట అది. అక్కడొక బోర్డుల దుకాణంలో అంజన్న లారీలకు కంపెనీ పేర్లూ రంగు గీతలూ అతికించేవాడు. తమ్ముడు పికప్ తెచ్చి, వెనక తలుపు తీయించి, మిషన్‌ను ఎక్కించుకున్న రోజున ఒక కొస పట్టి సాయం చేసింది కూడా అంజన్నే. యజమాని తమ్ముడు పట్టమంటే పట్టడా మరి. కొన్నాళ్లకు కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, మిషన్ ఏదని నలుగురి ముందు అడిగాడు. అంజన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. అతను చేసిన నేరం అంతవరకే. సొంత తమ్ముడి దొంగతనాన్ని ఎవరైనా సర్దుకుంటారు గానీ, దాన్ని నలుగురిలో బయటపెట్టిన పరాయివాణ్ని సర్దుకోరు. మర్నాడే ఫిర్యాదు పోయింది, పనివాడు మిషన్ దొంగిలించి పారిపోయాడని.

ఆ మర్నాడు కూడా అంజన్న ఆ దుకాణం ముందే నిలబడి, షట్టర్ ఎప్పుడు తీస్తారా అని చూస్తున్నాడు. పారిపోయినవాడు చేసే పనేనా అది? అయినా సర్కారు కంప్యూటర్లో అతని పేరు పక్కన హురూబ్ అని పడింది. పరారైనవాడు అని అర్థం. ఒక్క హురూబే అయితే జైలు మీదుగానైనా ఇల్లు చేరవచ్చు, ఎందరో అట్లా చేరారు. దొంగతనం కేసు కూడా ఉన్నవాడికి ఆ దారీ లేదు. కఫీల్ స్వయంగా వచ్చి కేసు వెనక్కి తీసుకుంటే తప్ప విమానం ఎక్కనివ్వరు. పని చేసుకునే హక్కు లేదు, పోయే హక్కూ లేదు. ఉన్న చోట ఉండే హక్కు అసలే లేదు. మనిషిని ఇంత నున్నగా చెరిపేయడానికి ఆఫీసులో ఒక గుమాస్తా వేలు చాలు.

అప్పుడు చేరదీసింది నబీ రసూల్. రాయచోటి మనిషి. సనాయాలోనే డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతాడు, షెడ్డు మాత్రం ఒక సౌదీవాడి పేరు మీద ఉంటుంది. ఎప్పుడో కుర్రవాడిగా వచ్చి, అరబ్బీ నేర్చి, గడ్డం నెరిసేదాకా ఇక్కడే ఉన్నాడు. అంజన్నకు షెడ్డు వెనక పెయింటు డబ్బాల గది ఇచ్చాడు. వీసా కాగితాలు చూసే జవాజాత్ వాళ్ల తనిఖీ బండి పేటలోకి వచ్చిందంటే ఆ గదికి బయట తాళం పడేది. తాళం వేసేది రసూలే. వేసిన ప్రతిసారీ తాళంచెవి జేబులో బరువుగా ఉండేది అతనికి.

అంజన్నది సిరిసిల్ల. పుట్టింది సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో. మీసాలు మొలవకముందే సాంచాల షెడ్డులో నిలబెట్టారు. అక్కడి పనల్లా చూపుతోనే. నాలుగు సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే వాటి మధ్య తిరుగుతూ ఎక్కడ పోగు తెగిందో చూడాలి. తెగితే సాంచ ఆపాలి, ముడి వేయాలి, మళ్లీ నడపాలి. చూడకపోతే గుడ్డ పొడుగునా గీత పడుతుంది, ఆ గీత పడ్డ గుడ్డను సేటు మొహాన కొడతాడు. అట్లా ఏళ్ల తరబడి చూసి చూసి అంజన్న కళ్లు ఒక తీరుకు అలవాటు పడిపోయాయి. గదిలో దుప్పటి మీద గళ్లు కుట్టు దగ్గర కలవకపోయినా అతనికి నిద్ర పట్టేది కాదని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. సాంచాలు మూతపడి, బీడీలు చుట్టే భార్య ముత్యవ్వ మీద ఇంటి బరువు పడ్డాక దమ్మామ్ వచ్చాడు. కూతురు శ్రీలతకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఇప్పుడా పిల్ల ఫోన్లో తండ్రిని నిలదీస్తుంది, ఎప్పుడొస్తావో తారీఖు చెప్పమని. తారీఖు లేనివాడు ఏం చెబుతాడు?

అట్లాంటి రోజుల్లో చెక్క బండి వచ్చింది.

అమెరికాలో తయారైన పాత స్టేషన్ వ్యాగన్ అది, వెనక సామాన్లకూ పిల్లలకూ చోటుండే పొడుగాటి కారు. పక్కల పొడుగునా చెక్క పలకలు బిగించినట్టు కనబడుతుంది గానీ, అది చెక్క కాదు. చెక్క గీతలు అచ్చువేసిన వినైల్ రేకు, ఇనుము మీద అతికించింది. తెచ్చిన ముసలాయన పేరు అబూ సల్మాన్. చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయినవాడు, మెత్తని మనిషి. కారు వాళ్ల నాన్నది. అబూ సల్మాన్ చిన్నతనంలో ఏటా ఎండాకాలం ఇంటిల్లిపాదీ ఆ బండెక్కి దమ్మామ్ నుంచి తాయిఫ్ కొండల దాకా పోయేవారట. ఇప్పుడా రేకు ఎండకు పెళుసెక్కి, పెచ్చులు లేచి, చర్మరోగం వచ్చిన ఒంటెలా ఉంది. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడంతా వెతికి అదే రంగు రేకు ఒక చుట్ట సంపాదించి పంపాడు. ఆ అచ్చు ఇప్పుడెవరూ వేయడం లేదట. దొరికిన ఆఖరి చుట్ట అదేనట.

ఎవరు చేస్తారని అబూ సల్మాన్ అడిగితే రసూల్ అంజన్నను పిలిచాడు. ముసలాయన అతని చేతులు చూశాడు, నివాస కార్డు ఇకామా ఏదని అడిగాడు. రసూల్ దాచలేదు. మిషన్ కథ, తమ్ముడి కథ, కేసు కథ మొత్తం చెప్పాడు. అబూ సల్మాన్ జపమాలలాంటి తస్బీ పూసలు తిప్పుతూ విన్నాడు. తన బావమరిది పోలీసు శాఖలో పై హోదాలో ఉన్నాడనీ, ఆ కఫీల్ తెగవాళ్లు తనకు ఎరుకేననీ అన్నాడు. తర్వాత అన్న మాటను రసూల్ అక్కడికక్కడే తెలుగులో చెప్పాడు.

"మా నాన్న బండి నాకియ్యి, నీ ఇల్లు నీకిప్పిస్తా అంటాండాడప్పా. బండి మునుపెట్లుండెనో అట్లనే ఉండాలంట."

అంజన్న వెళ్లి బండి పక్కన గొంతుక్కూర్చుని, లేచిన పెచ్చు ఒకదాన్ని గోటితో మెల్లగా నొక్కి చూశాడు.

మర్నాటి నుంచి పని మొదలైంది. దమ్మామ్ ఎండలో ఇనుము కాలితే రేకు ఎటు లాగితే అటు సాగుతుంది, అందుకని తెల్లవారుజాము నమాజు కాగానే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేవాడు. షట్టర్ సగానికి దించి, దుమ్ము లేవకుండా నేలంతా నీళ్లు చల్లేవాడు. ముందు చుట్టూ ఉన్న పట్టీలు క్లిప్పులు విరగకుండా విప్పి వరుసగా గోడకు ఆనించాడు. తర్వాత వేడిగాలి గన్నుతో రేకును కాచి, మెత్తబడిన చోట ప్లాస్టిక్ బద్దతో కొస లేపి, ఏటవాలుగా లాగడం. ఎండ తగిలిన పక్క రేకు అప్పడంలా చిట్లి గోరంత గోరంత ముక్కలుగా ఊడింది. రెండో పక్క ఎప్పుడూ ఇంటి గోడ నీడన ఉండేదేమో, కాస్త బాగా వచ్చింది. రేకు పోయాక మిగిలిన జిగురును థిన్నరు గుడ్డతో రుద్ది రుద్ది, చేతుల తోలు తెల్లబారిపోయింది. కింద తుప్పు తిన్న గుంటలను రసూల్ పూడ్చి నున్న చేశాడు.

నీడ పక్క తలుపు ఒలుస్తున్నప్పుడు అంజన్న పని ఆపి రసూల్‌ను పిలిచాడు. ముందు తలుపు చివర, కొమ్మ విరిగిన చోట చెక్కలో పడే కన్నులాంటి గుండ్రటి మచ్చ ఉంది. సరిగ్గా సగానికి తెగి ఉంది. రెండో సగం వెనక తలుపు మీద ఉండాలి. అక్కడ వేరే గీతలేవో నడుస్తున్నాయి.

"సూసినవా భాయ్, ఎట్ల కోసిండ్రో," అన్నాడు అంజన్న. "సగం ఈడున్నది. రెండో సగం ఏ బండికి పోయిందో."

"అచ్చు మిషన్లో వస్తాంటే కోసి అతికించింటారు. ఎవురు చూస్తారప్పా దాన్ని?"

"నేను సూస్త గద."

రసూల్ నవ్వి తన పనికి పోయాడు. ఆ ముక్క అరచేయంత వెడల్పున చిట్లకుండా ఊడి వచ్చింది. అంజన్న దాన్ని ఒకసారి వెలుతురుకు పట్టి చూసి, మిగతా పెచ్చులతో పాటు చెత్త డ్రమ్ములో పడేశాడు.

కొత్త చుట్టను శుభ్రమైన ప్లాస్టిక్ పట్టా మీద పొడుగ్గా పరిచాక అతను చాలాసేపు దాని చుట్టూ తిరిగాడు, ఆడుతున్న సాంచాల మధ్య తిరిగినట్టే. ముందు చక్రం మీది రేకు నుంచి వెనక డోరు దాకా ఒకే మాను నుంచి కోసిన పలకలా గీత గీతకు కలవాలని అతని పంతం. తెగిన కన్ను ఎక్కడా రాకూడదు. చీర అంచు కలపాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది, ఆ సంగతి ఏ నేతగాడికైనా తెలుసు. గీతలు కలిసేదాకా రేకును పైకీ కిందికీ జరుపుతూ కోస్తుంటే, అదనంగా ఉంటుందనుకున్న రేకంతా పేలికలై పోయింది. మిగిలింది చేతి వెడల్పు పీలిక ఒకటి. రసూల్ అది చూశాడు. వద్దనలేదు. ఎందుకంటాడు? అంత శ్రద్ధగా చేసేవాణ్ని తన షెడ్డులో ఎన్నడూ చూడలేదు.

సబ్బునీళ్లు చిమ్మి, రేకును ఆనించి, రబ్బరు బద్దతో మధ్య నుంచి అంచులకు నీటిని తోస్తూ ఒక్కో తలుపూ అతికించాడు. వారాల తరబడి సాగింది. ముత్యవ్వ రోజూ ఫోన్ చేసేది. బాగున్నావా తిన్నావా అనే మాటలు పోయి, ఆమెకు ఒకటే ప్రశ్న మిగిలింది, కారు పని ఎంతదాకా వచ్చిందని. కారు అయిపోతే మనిషి వస్తాడు. ఆమెకు అర్థమైన చట్టం అది, కంప్యూటర్ చట్టం కన్నా సూటిగా ఉండే చట్టం. సిరిసిల్లలో ఆ వాడంతా చెక్క కారు సంగతి తెలుసు. శ్రీలత బడిలో కూడా చెప్పుకుందట.

ఆఖరి పట్టీ బిగించిన రోజు వీడియో కాల్‌లో చూపించాడు. ఫోన్‌ను బండి ముందు నుంచి వెనక దాకా మెల్లగా నడిపాడు. ముత్యవ్వ ఒడిలో బీడీల చేట ఉంది. ఆమె కూడా సాంచాల ఇంటి ఆడపిల్లే. ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అంచు మంచిగ కలిపినవ్," అంది. "ఇగ అస్తవ్ గదా మరి?"

అంజన్న తలుపు అతుకు మీద వేలు పెట్టి, "అస్త," అన్నాడు. అంత ధీమాగా అతను మాట్లాడటం రసూల్ అదే మొదటిసారి వినడం.

అబూ సల్మాన్ శుక్రవారం నమాజు తర్వాత ఇస్త్రీ తెల్లబట్టల్లో వచ్చాడు. షట్టర్ పూర్తిగా ఎత్తారు. వెలుతురు పడి బండి నిగనిగలాడింది. ముసలాయన మాషా అల్లా అన్నాడు, రెండుసార్లు అన్నాడు. బానెట్ నిమిరాడు, వెనక డోరు తెరిచి లోపలికి వంగి వాసన చూశాడు. తర్వాత నీడ పక్కకు వచ్చి, రెండు తలుపుల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెద్ద మనిషి, తెల్లబట్టలు, కింద తడి నేల. ఆయన వేలు అతుకు వెంబడి పైనుంచి కిందికి నడిచింది, మళ్లీ పైకి నడిచింది. చీకట్లో స్విచ్ కోసం వెతికే చెయ్యిలా ఉంది అది.

"కన్ను ఏది?" అన్నాడు.

రసూల్‌కు మొదట అర్థం కాలేదు. ముసలాయన కింద కూర్చునే చెప్పాడు. తాయిఫ్ దారిలో నమాజుకు ఎడారిలో బండి ఆపేవారట. నాన్న నమాజు చేసుకుని వచ్చేదాకా పిల్లవాడు బండి నీడలో కూర్చునేవాడట. సరిగ్గా వాడి మొహం ఎత్తున ఆ తెగిన కన్ను ఉండేదట. ఈ బండి సగం కన్ను తెరుచుకునే నిద్రపోతుంది, మనం పడుకున్నా దారి చూస్తూనే ఉంటుంది అని నాన్న చెప్పేవాడట. నాన్న చనిపోయిన ఏడాది కూడా తాను వచ్చి ఆ కంటి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడట.

అంజన్నకు అరబ్బీ పని మాటల వరకే వచ్చు. కానీ మొహం చూడటానికి భాష అక్కర్లేదు. ఏమైందని రసూల్‌ను అడిగాడు. రసూల్ చెప్పాడు. చెప్పక ఏం చేస్తాడు?

అంజన్న మొదట డ్రమ్ము దగ్గరికి పరుగెత్తాడు. పాత పెచ్చులను మున్సిపాలిటీ లారీ ఎప్పుడో ఎత్తుకుపోయింది. డ్రమ్ములో కొత్త చెత్త ఉంది. తర్వాత మిగిలిన పీలికను తెచ్చి తలుపు మీద పెట్టి చూశాడు, తిప్పి పెట్టి చూశాడు. అందులో కన్ను లేదు. చుట్టలో ఉన్న కన్నులన్నిటినీ అతనే ఏరి ఏరి, ఒక్కటీ తెగకుండా, పలకల మధ్యకు వచ్చేట్టు కోశాడు కదా. ఒక తలుపు ఒలిచి మళ్లీ చేస్తానని చేతులతో సైగ చేశాడు. దేనితో చేస్తావని రసూల్ మెల్లగా అడిగేసరికి ఆ చేతులు కిందికి దిగాయి.

అబూ సల్మాన్ కోప్పడలేదు. లేచి, మోకాళ్ల మీది తడి దులుపుకుని, అంజన్న భుజం తట్టాడు.

"చాలా అందంగా చేశావు," అన్నాడు. "అందంగా ఉండేది కాదు మా నాన్న బండి."

రసూల్ ఈ మాట మాత్రం తెలుగులో చెప్పలేదు. బావమరిది సంగతి గుర్తు చేశాడు. ఇన్షా అల్లా, దేవుడు తలిస్తే, అన్నాడు ముసలాయన, తాళంచెవులు అందుకుంటూ. ఇరవై ఏళ్లుగా ఆ మాట వింటున్న రసూల్‌కు దాని బరువు చెవితోనే తెలుస్తుంది. తాయిఫ్ దారి చెప్పిన గొంతులో ఉన్నది ఇందులో లేదు.

తర్వాత రసూల్ ఫోన్లు చేశాడు. మొదట ఎత్తేవాడు, తర్వాత కొడుకు ఎత్తేవాడు, తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఒక సాయంత్రం సిగ్గు విడిచి ఇంటికే వెళ్లాడు. గహ్వా కాఫీ పోశారు, ఖర్జూరాలు పెట్టారు, మర్యాదకు లోటు లేదు. బావమరిదికి రియాద్ బదిలీ అయిందనీ, పండక్కి వస్తే చెబుతాననీ అన్నాడు అబూ సల్మాన్. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. మరిచిపోయినట్టు ఉంది. మరిచిపోయే వీలున్నవాళ్లు ఎంత మెత్తగానైనా మాట్లాడగలరు. వాకిట్లో గోడ పక్కన టార్పాలిన్ కప్పుకుని చెక్క బండి నిలబడి ఉంది. ఆయన చెడ్డవాడైతే దారి పొడుగునా తిట్టుకుంటూనైనా వచ్చేవాడు రసూల్. ఆ కాస్త సుఖం కూడా దక్కలేదు.

అంజన్న ఆ రోజు నుంచి పని తగ్గించలేదు, మాట తగ్గించాడు. ముత్యవ్వ ఫోన్ మోగితే ముందులా గబుక్కున ఎత్తడం మానేశాడు. ఎత్తినప్పుడు ఆమె అడిగేది, కారు అయిపాయె గదా, ఇంకేంటిదని. పెద్దసారు ఊళ్లో లేడని ఒకసారి, రంగు ఆరాలని ఒకసారి చెప్పాడు. ఆరడానికి అది రంగు కాదని సాంచాల ఇంటి ఆడపిల్లకు తెలియదా? తెలిసీ ఊరుకుంది కావచ్చు.

చలికాలం మొదట్లో సనాయాలో తనిఖీలు ఎక్కువయ్యాయి. పక్క షెడ్డు నుంచి ఇద్దరిని తీసుకుపోయారు. షెడ్డు ఎవరి పేరు మీద ఉందో ఆ సౌదీ వచ్చి, కాగితం లేని మనిషి ఇక్కడ కనబడితే షెడ్డు మూసేస్తానని రసూల్‌తో అన్నాడు. రసూల్‌కు రాయచోటిలో అతని మీద బతికే ఇల్లు ఉంది. ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని ఈ మాట అంజన్నకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తుంటే అంజన్నే అన్నాడు, నేను పోత భాయ్ అని. ఖఫ్జీలో రామాంజి అని రసూల్ వైపు మనిషి ఒకడు లారీ బాడీలు కడతాడు. అది కువైట్ సరిహద్దు దగ్గర చమురు బావుల ఊరు. అక్కడ కొన్నాళ్లు దాగవచ్చు. ఆ తర్వాత ఏమిటన్నది ఇద్దరూ మాట్లాడుకోలేదు.

సిమెంటు లారీ డ్రైవర్ ఒకడు తీసుకుపోతానన్నాడు. మధ్యాహ్నం ఎండలో, హైవే పక్క పెట్రోలు బంకు వెనక నిలబడ్డారు. అంజన్న దగ్గర ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో రెండు జతల బట్టలు, రబ్బరు బద్ద, చుట్టి పెట్టుకున్న ఆ చెక్క గీతల పీలిక.  దారిలో చెక్‌పోస్టు దగ్గర పట్టుబడితే తన దగ్గర దొరక్కుండా ఉండటం మంచిదని, ఫోను రసూల్‌కే ఇచ్చేశాడు అంజన్న. అందులో ఇంటి నంబరు, ఫొటోలు ఉన్నాయి. సిమ్ము కూడా రసూల్ పేరు మీదిదే.

రసూల్ ఆ ఫోను జేబులో వేసుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.  పోయి ఫోన్ చెయ్యప్పా అన్నాడు. చేతిలో ఉన్నది అంజన్న ఫోనే అని అన్నాక గుర్తొచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. అంజన్న బస్తాల మీదికి ఎక్కి, పట్టా కిందికి దూరబోతూ ఆగి, తల బయటికి పెట్టాడు.

"ముత్యవ్వ నీకు ఫోన్ జేస్తది భాయ్," అన్నాడు. "కారు పని ఇంకా అయితలేదని చెప్పు."